వర్ణములలో నాదము: చిత్రకారుడు కాండిన్‌స్కీ

మన భాషలో 'వర్ణము' అను మాటకు మూడర్థములు ప్రసిద్ధములు. రంగు వర్ణము, అక్షరము వర్ణము, సంగీతాభ్యాసమున గీతములు, స్వరజతులు ముగిసిన పిమ్మట విద్యార్థి నేర్చు రచనయు వర్ణమే. తంజావూరు సీమలో పచ్చిమిరియము ఆదియప్పయ్య తెలుగున కూర్చిన భైరవి రాగ వర్ణము 'విరిబోణి'ని ఎరుగని సంగీత విద్యార్థి దక్షిణ దేశమున అరుదు. రాగ శబ్దమునకును మూలార్థము రంగే. కంటికి కనబడు దానికిని, చెవికి వినబడు దానికిని ఒకే పేరు పెట్టుకొనిన వారికి, రంగులు పలుకునని చెప్పిన చిత్రకారుని చరిత్ర పూర్తిగా పరాయిదిగా తోచదు. ఆ చిత్రకారుడు రష్యా దేశీయుడగు వాసిలీ కాండిన్‌స్కీ. మనిషి, చెట్టు, ఇల్లు, కొండ మొదలగు ఆకృతులేవియు లేకయే చిత్రము చిత్రమై నిలువగలదని ఇరువదవ శతాబ్ది ఆరంభమున చాటిన వారిలో ఆయన అగ్రగణ్యుడు.

ఆయన చరిత్రను ఇచ్చట తలచుకొనుటకు మరియొక కారణమును కలదు. ఆయన పుట్టిన నేల వేరు, కళ పండిన నేల వేరు, కన్ను మూసిన నేల వేరు. తరతరములుగా ఇతర భాషల నడుమ కాపురముండి, ఇంట తెలుగును నిలుపుకొనుచున్న మన కుటుంబములకు అట్టి జీవితము చెప్పగల సంగతులు కొన్ని కలవు.

కాండిన్‌స్కీ 1866వ సంవత్సరము డిసెంబరు మాసమున మాస్కో నగరమున జన్మించెను. తండ్రి తేయాకు వర్తకుడు. 1871లో కుటుంబము నల్లసముద్ర తీరమందలి ఒడెస్సాకు తరలినది. తల్లిదండ్రులు విడిపోగా, తల్లి తోబుట్టువగు ఎలిజవేటా ఆ బాలుని పెంచినది. చిన్ననాడే పియానోను, చెల్లోను అభ్యసించెను. చెల్లో యనగా వాద్యకుడు కూర్చుండి మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయించు పెద్ద తంత్రీవాద్యము, వయొలిను కుటుంబములోనిది. 1913లో ప్రకటించిన స్మృతులలో ఆయన తన తొలి జ్ఞాపకములు మనుష్యులవి కావనియు, రంగులవనియు వ్రాసెను. నిగనిగలాడు పచ్చ, తెలుపు, ఎరుపు, నలుపు, గోధుమ వన్నె పసుపు ఆయనకు మూడేండ్లప్పుడు మనస్సున నాటుకొనినవట. పిమ్మట దాచుకొనిన డబ్బుతో రంగుల పెట్టెను కొనుక్కొనినప్పుడు, రంగులు ఒకదానితో ఒకటి కలియునప్పటి బుసను విన్నట్లు తోచెడిదని కూడ చెప్పుకొనెను.

అయినను ఆయన మొదట పట్టిన దారి చిత్రకళ కాదు. 1886లో మాస్కో విశ్వవిద్యాలయమున చేరి న్యాయశాస్త్రమును, అర్థశాస్త్రమును చదివెను. 1889లో ఉత్తరమున వొలొగ్డా మండలమునకు పల్లెల ఆచార వ్యవహారములను పరిశీలించుటకై వెడలెను. అచ్చటి కర్ర ఇండ్లలో గోడలు, పెట్టెలు, బల్లలు సమస్తమును పూవులతోను, రంగులతోను అలంకరింపబడి యుండెను. ఒక మూల దేవతా పటములు, వాని ముందు దీపము. ఆ గదిలో అడుగిడినంతనే తాను చిత్రమును చూచుటలేదనియు, చిత్రము లోపలికే నడచివచ్చితిననియు ఆయనకు తోచినది. చూచువానిని తన లోపలికి పిలుచుకొను చిత్రమును వ్రాయవలయునన్న కోరికకు బీజము పడినది ఆ పల్లె ఇండ్లలోనే. పండితుల చిత్రశాలలు నేర్పని పాఠమును చదువురాని రైతుల గోడలు నేర్పినవి.

మరి రెండు అనుభవములు ఆయన దారిని మరలించినవి. 1896లో మాస్కోలో జరిగిన ఫ్రెంచి చిత్రప్రదర్శనమున ఆయన మోనే వ్రాసిన గడ్డివామి చిత్రమును చూచెను. పేరు చదువువరకు అది గడ్డివామి యని గుర్తింపలేకపోయెను. వస్తువేదో తెలియకున్నను చిత్రము మనస్సును విడువలేదు. అట్లయినచో చిత్రమునకు వస్తువు తప్పనిసరి యగునా యన్న ప్రశ్న అచ్చట పుట్టినది. రెండవది మాస్కోలోని బొల్షోయ్ నాటకశాలలో విన్న వాగ్నర్ సంగీతనాటకము 'లోహెన్‌గ్రిన్'. వయొలిన్లు, లోతుగా మ్రోగు మంద్ర వాద్యములు, బూరలు కలసి పలుకుచుండగా తన రంగులన్నియు కనుల ఎదుట నిలిచినవనియు, ఉన్మత్తములైన రేఖలు తమంతట తాము గీయబడినట్లు కనబడినవనియు ఆయన స్మృతులలో కలదు. ఆ సంవత్సరముననే డోర్పాట్ విశ్వవిద్యాలయము ఉపాధ్యాయ పదవి నొసగజూపినది. ముప్పది యేండ్ల వయస్సున, స్థిరమైన కొలువును కాదని, ఆయన జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమునకు రైలెక్కెను.

మ్యూనిక్‌లో ఆంటన్ అజ్బే వద్దను, పిదప ఫ్రాంజ్ ఫాన్ స్టుక్ వద్దను శిక్షణ పొందెను. 1908 మొదలు చిత్రకారిణి గాబ్రియేల్ మ్యూంటర్‌తో కలసి బవేరియా కొండల దాపున నున్న ముర్నావ్ గ్రామమున చిత్రములు వ్రాయసాగెను. ఆ చిత్రములలో కొండలు, చర్చి గోపురములు, ఇండ్లు ఏడాదికేడాది తమ రూపురేఖలను వదలి కేవలము రంగులుగా మిగులసాగినవి. తాను వ్రాసిన చిత్రములకు ఆయన పెట్టిన పేర్లు సంగీత పరిభాషకు దగ్గరివి. బాహ్య ప్రపంచమును చూచినంతనే కలిగిన ముద్రకు 'ఇంప్రెషన్' అనియు, లోపలి భావము అప్పటికప్పుడు పొంగి వచ్చినదానికి 'ఇంప్రొవైజేషన్' అనియు, ఎన్నో చిత్తుచిత్రములు వ్రాసి నెమ్మదిగా కూర్చినదానికి 'కంపొజిషన్' అనియు పేర్లు. మన సంగీతముతో పోల్చినచో రెండవది మనోధర్మము, మూడవది కల్పితము.

ఇచ్చట చదువరులు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఏ వస్తువును చూపని చిత్రమునకు అర్థమేమి? కాండిన్‌స్కీ సమాధానము సంగీతమునుండియే వచ్చినది. సంగీతము దేనిని అనుకరించుటలేదు. అయినను దానికి అర్థము లేదని ఎవ్వరును అనరు. మనకిది మరింత సులభముగా బోధపడవలెను. విద్వాంసుడు తోడి రాగమును అరగంటసేపు ఆలాపించునప్పుడు అందు మాటలేదు, కథలేదు, బొమ్మలేదు. ఇది ఏ వస్తువును గూర్చిన ఆలాపన యని సభలో ఎవ్వరును లేచి అడుగరు. చెవికి మనము ఇచ్చిన ఆ స్వేచ్ఛను కంటికిని ఇమ్మనుటయే ఆయన కోరిక.

1911 జనవరి 2వ తేదీన మ్యూనిక్‌లో ఆర్నాల్డ్ షోయెన్‌బెర్గ్ అను వియన్నా నగరపు సంగీత రచయిత కృతులను వినిపించిరి. తరతరములుగా పాశ్చాత్య సంగీతము ఆధారముగా నిలుపుకొనిన స్వరసంబంధములను ఆయన సడలించుచుండెను. ఆ కచేరీని మిత్రులతో కూడి విన్న కాండిన్‌స్కీ కొలదిదినములలోనే 'ఇంప్రెషన్ 3 - కచేరీ' యను చిత్రమును వ్రాసెను. అందు పియానో మూత పెద్ద నల్లని ఆకారముగా నిలిచియుండగా, పసుపు రంగు కెరటమువలె సభ మీదికి పొర్లుచున్నట్లుండును. అంతవరకు ముఖపరిచయమైన లేని షోయెన్‌బెర్గ్‌కు ఆయన జాబు వ్రాసెను. ఇరువురి నడుమ స్నేహము కుదిరినది. ఆ సంవత్సరాంతమున 'కళలో ఆధ్యాత్మికత'ను గూర్చిన ఆయన గ్రంథము వెలువడినది. ఫ్రాంజ్ మార్క్‌తో కలసి స్థాపించిన 'నీలి రౌతు' బృందము ప్రథమ ప్రదర్శనమును అప్పుడే జరిపినది.

ఆ గ్రంథముననే రంగులకు నాదములను నిరూపించెను. పసుపు బూర ఊదినట్లు తారస్థాయిలో మ్రోగును. చూచువాని మీదికి వచ్చును. నీలము వెనుకకు పోవును, లోనికి ముడుచుకొనును. లేత నీలము వేణువు. ముదురు నీలము చెల్లో. ఇంకను ముదిరినది డబుల్ బేస్. అన్నిటికంటె గాఢమైనది చర్చిలోని ఆర్గన్ గంభీర ధ్వని. ఆకుపచ్చ వయొలినుపై నెమ్మదిగా సాగు మధ్యస్థాయి స్వరము. సింధూరపు ఎరుపు ట్యూబా యను పెద్ద బూర. కొన్నియెడల గట్టిగా మ్రోగు భేరి. నారింజ వన్నె ప్రార్థనకు పిలుచు చర్చి గంట. ఊదా రంగు ఇంగ్లీషు హారన్, షామ్ అను వాద్యముల ధ్వని. ఈ షామ్ మన సన్నాయికి చుట్టము. తెలుపు నిశ్శబ్దము, కాని చచ్చిన నిశ్శబ్దము కాదు. పాట మొదలగుటకు ముందుండు నిశ్శబ్దము. నలుపును నిశ్శబ్దమే, పాట ముగిసి, మరల ఆశకు తావులేని నిశ్శబ్దము.

ఒక ఇంద్రియమునకు తగిలినది వేరొక ఇంద్రియమున పలుకుటను శాస్త్రజ్ఞులు సినస్థీసియా యందురు. ఇట్టి అనుభవము పుట్టుకతో కలవారు లోకమున నిజముగా కలరు. ఒకానొక రోగికి ఫలానా పులుసు రుచి ఎప్పుడును 'నీలముగా' తోచెడిదని ఒక వైద్యుడు చెప్పిన సంగతిని కాండిన్‌స్కీయే తన గ్రంథమున ఎత్తి చూపెను. ఆయనకు ఈ గుణము పుట్టుకతో వచ్చినదా, లేక ఆనాటి కవులు, కళాకారులు, తత్త్వవేత్తలు విరివిగా చర్చించుచుండిన విషయమును ఆయన మనఃపూర్వకముగా సాధన చేసెనా యన్న విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. ఏదియైనను, ఆ నాదవర్ణ సంబంధము ఆయన చిత్రములకు వెన్నెముక యన్నది నిర్వివాదము.

అయితే ఈ సంబంధము అందరికిని ఒకటియేనా? ఆయన కాలముననే రష్యాలో స్క్రియాబిన్ అను సంగీత రచయిత తన 'ప్రొమీథియస్' అను కృతిలో వాద్యములతో పాటు రంగుల వెలుగులకును ప్రత్యేకముగా ఒక వరుసను వ్రాసెను. ఆయనకును, రిమ్‌స్కీ కొర్సకోవ్‌కును స్వరశ్రేణులు రంగులుగా తోచెడివి. 'డి' శ్రేణి ఇద్దరికిని పసుపే. కాని 'సి' శ్రేణి ఒకరికి ఎరుపు, మరియొకరికి తెలుపు. కావున కాండిన్‌స్కీ పట్టికను నిఘంటువువలె అందరికిని అన్వయింపరాదు. అది ఒక మహాకళాకారుని అంతఃకరణమునకు పటము మాత్రమే.

మన శాస్త్రములలో ఇట్టి ఆలోచన లేకపోలేదు. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచించిన 'సంగీతరత్నాకరము'న సప్తస్వరములకు వన్నెలు చెప్పబడినవి. షడ్జమము పద్మవర్ణము, గాంధారము బంగారు వన్నె, మధ్యమము మొల్లపూవువలె తెలుపు, పంచమము నలుపు, ధైవతము పసుపు. దేవగిరి నేటి మహారాష్ట్రములోనిది. ఆ గ్రంథమునకు వ్యాఖ్యలు వ్రాసిన వారిలో రాచకొండ నేలిన సింగభూపాలుడు తెలుగు ప్రభువు, కల్లినాథుడు విజయనగరమువాడు. అయినను మనవారు అన్నియు ముందే చెప్పిరని తొందరపడి పలుకుట ఉచితము కాదు. శార్ఙ్గదేవుడు స్వరమునకు వర్ణముతో పాటు కులమును, ద్వీపమును, ఋషిని, దేవతను, ఛందస్సును కూడ చెప్పెను. అది సంప్రదాయము కూర్చిన వ్యవస్థ. కాండిన్‌స్కీది ఒక వ్యక్తి తన కంటిని, చెవిని నమ్మి చేసిన సాహసము. రెండును వేరైనను, నాదమునకును వర్ణమునకును చుట్టరికము కలదన్న ఊహ రెండింటను కలదు.

మన దేశముతో ఆయనకు నిజమైన సంబంధములు రెండు కలవు. మొదటిది మదరాసు అడయారునుండి వచ్చినది. 1882 మొదలు దివ్యజ్ఞాన సమాజమునకు అదియే ప్రధాన స్థానము. ఆ సమాజ నాయకులగు అనీబిసెంటు, లెడ్‌బీటర్ కలసి వ్రాసిన 'థాట్ ఫారమ్స్' అను గ్రంథమున భావములకును, సంగీతమునకును కలుగు రంగుల రూపములను బొమ్మలుగా వేయించిరి. దాని జర్మను అనువాదమును కాండిన్‌స్కీ చదివెను. తన గ్రంథమున బ్లావట్‌స్కీని, దివ్యజ్ఞాన సమాజమును ప్రస్తావించెను. రెండవ సంబంధము కలకత్తాది. 1921లో రవీంద్రనాథ ఠాకూరు జర్మనీలోని వైమార్‌ను దర్శించెను. 1922 డిసెంబరులో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారు కలకత్తాలో జరిపిన ప్రదర్శనమున, స్టెల్లా క్రామ్రిష్ చొరవచే, వైమార్‌లోని బౌహౌస్ కళాశాల చిత్రకారుల పటములను ఉంచిరి. వానిలో కాండిన్‌స్కీ చిత్రములు కలవు. గగనేంద్రనాథ ఠాకూరు చిత్రములును అందే ప్రదర్శింపబడినవి. ఐరోపాలోనే పలువురు వాని నింకను గేలి చేయుచున్న కాలమున, అవి భారతీయుల కనుల ఎదుట నిలిచినవి.

ఇంతలో చరిత్ర ఆయనను ఊరూర త్రిప్పినది. 1914లో యుద్ధము రాగానే జర్మనీలో ఆయన శత్రుదేశీయుడయ్యెను, రష్యాకు మరలెను. అచ్చట విప్లవానంతరము మ్యూజియములను, కళావిద్యను చక్కదిద్దు పనిలో పాల్గొనెను. ఆత్మానుభూతి ముఖ్యమను ఆయన మాట అచ్చటి నూతన కళాకారులకు రుచింపలేదు. 1921 చివర మరల జర్మనీకి వచ్చి, 1922లో బౌహౌస్‌లో ఉపాధ్యాయుడయ్యెను. 1928లో డెస్సావ్ నాటకశాలలో ముస్సోర్గ్‌స్కీ సంగీతమునకు రంగుల వెలుగులను, కదలు ఆకారములను జోడించి ప్రదర్శించెను. వినబడు దానిని కనబడునట్లు చేయు కల ఆనాడు రంగస్థలముపై కొంత ఫలించినది.

ఈ నడుమ జరిగిన యొక విషాదమును మనము మరువరాదు. షోయెన్‌బెర్గ్ యూదుడు. 1921లో ఆస్ట్రియాలోని మాట్‌జీ గ్రామమునకు వేసవి విడిదికై పోగా, యూదులకు అచ్చట చోటు లేదన్నందున కుటుంబముతో వెడలిపోవలసివచ్చెను. 1923లో కాండిన్‌స్కీ ఆయనను వైమార్ సంగీత విద్యాలయమునకు ఆహ్వానించెను. బౌహౌస్‌లో కొందరు, వారిలో కాండిన్‌స్కీయు, యూదులను చులకనగా మాటలాడుచున్నారన్న వార్త అప్పటికే షోయెన్‌బెర్గ్ చెవిని బడియుండెను. ఆయన ఆహ్వానమును నిరాకరించి బాధతో జాబులు వ్రాసెను. తన జాతిని దూరము చేసి, తన్నొక్కని మాత్రము చేరదీయు స్నేహము తనకు సమ్మతము కాదన్న వేదన వానిలో కలదు. కాండిన్‌స్కీ ఇచ్చిన సమాధానము ఆ గాయమును మాన్పలేదు. 1927లో ఇరువురు మరల కలిసికొనినను, ఆ తొలి చనువు తిరిగి కుదిరినట్లు కనబడదు. రంగుల సూక్ష్మధ్వనిని వినగలిగిన చెవి, పక్కనున్న స్నేహితుని గుండెలోని భయమును వినలేకపోయినది. సంఖ్యలో కొద్దివారై పెద్ద సమాజముల నడుమ బ్రతుకు వారికి ఈ ఘట్టము బాగుగా అర్థమగును. మనయందు ఒక్కరిని మెచ్చి తక్కినవారిని చిన్నచూపు చూచు మెప్పు, మెప్పు కాదు.

1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడినది. కాండిన్‌స్కీ పారిస్ చెంతనున్న న్యోయీకి చేరెను. 1937లో నాజీ ప్రభుత్వము జర్మను మ్యూజియములనుండి ఆయన చిత్రములు 57 లాగికొనినది. కొన్నిటిని 'భ్రష్టకళ' అను పేర మ్యూనిక్‌లో జనుల వెక్కిరింతకు ప్రదర్శించినది. 'కంపొజిషన్లు' మొత్తము పది. వానిలో మొదటి మూడును యుద్ధకాలమున నశించినవి. సోవియటు రష్యాలో ఆయన చిత్రములు చిరకాలము గోదాములలో పడియుండెను. మ్యూనిక్‌నాటి చిత్రములు పెక్కులు బ్రతికినది మాత్రము ఒక స్త్రీ వలన. గాబ్రియేల్ మ్యూంటర్‌ను ఆయన 1916లో విడిచిపోయి, 1917లో వేరొకరిని వివాహమాడెను. అట్లు విడువబడినదయ్యును ఆమె నాజీల కాలమంతయు ముర్నావ్ ఇంటి నేలమాళిగలో ఆయన చిత్రములను దాచి కాపాడినది. 1957లో, తన ఎనుబదవ జన్మదిన సందర్భమున, వానిని మ్యూనిక్ నగరమందలి లెన్‌బాఖ్ చిత్రశాలకు దానమొసగినది. కళ చరిత్రలో ఇట్టి కాపలాదారుల పేర్లు చిన్న అక్షరములతో అచ్చగును; వారు లేనిదే పెద్ద అక్షరములకు తావుండదు.

కాండిన్‌స్కీ 1928లో జర్మను పౌరుడు, 1939లో ఫ్రెంచి పౌరుడు. 1944 డిసెంబరులో న్యోయీలో మరణించెను. 1921 పిమ్మట ఆయన మాస్కోకు మరలిపోలేదు. అయినను మాస్కోను ఆయన తన చిత్రకళకు శ్రుతిదండముగా చెప్పుకొనెను. సూర్యాస్తమయ వేళ ఆ నగరపు గోపురములు, గోడలు, ఆకాశము ఒకే ఎరుపున కరగి మహావాద్యబృందమువలె మ్రోగెడివనియు, ఆ గడియను రంగులలో పట్టుటకంటె గొప్ప ఆనందము కళాకారునకు లేదని యౌవనమున తలచితిననియు ఆయన వ్రాసినాడు. ఆయన మాస్కో చిత్రములనే జీవితమంతయు వ్రాయుచు కూర్చుండలేదు. మ్యూనిక్‌లో నేర్చినది నేర్చెను, పారిస్‌లో మారవలసినది మారెను. శ్రుతి మాత్రము విడువలేదు.

బళ్లారిలో కన్నడము, మదురలో తమిళము, బరంపురమున ఒరియా, షోలాపురమున మరాఠీ నేర్చి, వానిలోనే విద్యా వ్యాపారములు నడపుకొను మన బిడ్డలకు తెలుగు అట్టి శ్రుతి కావలెనని మా విన్నపము. శ్రుతి ఇతర స్వరములను అడ్డగింపదు. అవి తప్పిపోకుండ చూచును. చిన్నవానికి వర్ణమను ఒక్క మాటను అక్షరముగా, రంగుగా, పాటగా మూడు విధముల విప్పి చెప్పు తల్లి, తనకు తెలియకయే కాండిన్‌స్కీ గ్రంథములోని మొదటి పాఠమును వానికి నేర్పుచున్నది.